వసంతం వచ్చేదాకా... కిటికీలోనే తోట!

బయట మోకాలి లోతు మంచు. పెరడంతా తెల్లదుప్పటి కప్పుకుని పడుకుంది. అయినా తోట పిచ్చి ఉన్నవాళ్ల చేతులు ఊరుకుంటాయా? హాల్లో కుండీలు, ఫ్రిజ్‌లో విత్తనాలు, ఒళ్లో పిల్లి... అమెరికాలో తోటమాలులు చలికాలాన్ని గడిపేది ఇలాగే. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఒక్క కరివేపాకు మొక్కను బతికించుకోవడానికి వాళ్లు పడే పాట్లు చూస్తే... నవ్వొస్తుంది, ఆ వెంటనే జాలీ వేస్తుంది!

*

చికాగో శివార్లలోని మా అక్క కూతురింటికి వెళ్లిన నాలుగో రోజు. అక్టోబరు రెండోవారం. రాత్రి భోజనాలయ్యాక టీవీలో వాతావరణం చూస్తున్నదల్లా దిగ్గున లేచింది. 'పిన్నీ, ఇవాళ ఫ్రాస్ట్ అట!' అంటూ పెరట్లోకి పరుగు. వెనకాలే వాళ్లాయన. ఆ వెనక చేతిలో టార్చిలైటుతో పదేళ్ల పిల్లాడు. ఏం కొంప మునిగిందో నాకర్థం కాలేదు. చూస్తుండగానే పెళ్లివారి సామాను దించినట్టు ఒక్కో కుండీ లోపలికి రావడం మొదలైంది. మూడు మల్లెలు, రెండు తులసి, ఓ ముద్దమందారం, నిమ్మ, కలబంద, తమలపాకు తీగ. గంటలో హాలు కాస్తా నర్సరీ అయిపోయింది. సోఫా ఎక్కడుందో వెతుక్కోవాలి!

ఇంత హడావుడిలోనూ ఒక మొక్క మాత్రం నిమ్మళంగా ఉంది. దక్షిణం వైపు కిటికీ దగ్గర, నాలుగడుగుల ఎత్తున, ఇంటి పెద్దలాగా. అది కరివేపాకు. సెప్టెంబరు చివర్లోనే దాన్ని లోపలికి తెచ్చేశారట. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితే అది తట్టుకోలేదు, అందుకే దానికి మిగతావాటికంటే ముందే ప్రవేశం.

'ఇంతకుముందు ఒకటి పోయింది పిన్నీ' అంది. మూడేళ్ల కిందట స్నేహితురాలు ఇస్తే జనవరిలో కారు డిక్కీలో పెట్టుకుని తెచ్చిందట. ఇరవై నిమిషాల ప్రయాణం. ఇంటికొచ్చేసరికి ఆకులు నల్లబడిపోయాయి. వారానికి కాండమూ పోయింది. ఇప్పుడున్నది టెక్సాస్ వెళ్లిపోతూ ఇంకో స్నేహితురాలు ఇచ్చిన పిలక. 'దీన్నీ పోగొట్టానంటే ఇంకెవరిని అడగను?' అంటుంటే దాని గొంతులో దిగులు నాకు బాగానే తెలిసింది. మనకి కూరల కొట్టువాడు కొసరుగా పడేసే కరివేపాకు... అక్కడ ఇండియన్ స్టోర్లో నాలుగు రెమ్మలున్న ప్యాకెట్‌కి రెండు డాలర్ల పైమాటే మరి!

మన మే నెల... వాళ్ల జనవరి

మనకి తోట ఎండిపోయేది ఎండాకాలంలో. ధనుర్మాసం వచ్చిందంటే బంతి, చామంతి విరగబూసి ముగ్గుల మధ్య గొబ్బెమ్మలకు పూలే పూలు. అక్కడ సరిగ్గా తలకిందులు. అక్టోబరు మధ్యలో మొదటి మంచు పడిందంటే టమాటా, బెండ, బీర అన్నీ ఒక్క రాత్రిలో ఉడకబెట్టిన ఆకుకూరలా వేలాడిపోతాయి. ఆకులోని నీరు గడ్డకట్టి కణాలు చిట్లిపోవడమే కారణం. మళ్లీ నేలలో మొక్క పెట్టాలంటే మే నెల మధ్య దాకా ఆగాలి. చికాగో చుట్టుపక్కల వాళ్లకి ఓ బండగుర్తు ఉంది. మే రెండో ఆదివారం... అంటే మదర్స్ డే వెళ్లేదాకా టమాటా నారు బయట పెట్టకూడదు. మనం ఉగాది వెళ్లాక, ఏరువాక వచ్చాక అని లెక్కపెట్టుకున్నట్టే.

ఏ ఊళ్లో ఏ మొక్క చలికాలం తట్టుకుంటుందో చెప్పడానికి అమెరికా వ్యవసాయ శాఖ ఏకంగా ఓ పటమే వేసింది. దేశాన్ని 13 జోన్లుగా విడగొట్టారు. చలి బాగా ముదిరిన రాత్రి ఎంత దాకా దిగుతుందన్నదే కొలమానం. 1960లో మొదటి పటం వచ్చింది. 2023లో తాజాగా సవరించినప్పుడు దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోను వెచ్చటి వైపు జరిగింది. అయినా చికాగో శివార్లు ఐదు, ఆరు జోన్ల మధ్యే ఉన్నాయి. అంటే మైనస్ 20 డిగ్రీల కింది మాట. తోటమాలులు ఇద్దరు కలిస్తే 'మీదే ఊరు?' అని అడగరు. 'మీదే జోను?' అంటారు!

చలి ఒక్కటే అయితే హీటరు పెట్టుకుంటే పోతుంది. అసలు చిక్కు వెలుతురుతో. డిసెంబరు 21న మన హైదరాబాద్‌లో పగలు దాదాపు 11 గంటలుంటే, చికాగోలో తొమ్మిది గంటలు దాటి కొద్ది నిమిషాలే. అదీ మబ్బు పట్టకుండా ఉంటే. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకిపోతుంది. మనుషులకే మనసు మొద్దుబారే ఆ చీకట్లో, గుంటూరు ఎండకు అలవాటుపడ్డ మల్లెతీగ గతి ఏం కావాలి?

హాల్లో కార్తీక దీపం

నేను వెళ్లాక క్షీరాబ్ది ద్వాదశి వచ్చింది. తులసికోట దగ్గర ఉసిరి కొమ్మ పెట్టి దీపాలు పెట్టాలి. బయట అప్పటికే సన్నగా మంచు రాలుతోంది. తులసి వంటింటి కిటికీలో ఉంది. ఉసిరి కొమ్మ మాటేమిటి? మా అమ్మాయి ఫ్రీజర్ తెరిచి ఓ పొట్లం తీసింది. ఫ్రోజెన్ ఉసిరికాయలు! మంచు కరిగాక పైన కాస్త గుంట చేసి, నేతి వత్తి వేసి, తులసి ముందు పెట్టింది. పూజ సగంలో ఉండగా పొగకి సీలింగుకున్న అలారం కుయ్యిమంది. పిల్లాడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే, మేం నవ్వాపుకుంటూ హారతిచ్చాం.

తులసి విషయంలో అక్కడి ఆడవాళ్లకి ఒక ఉపాయం ఉంది. ముసలి మొక్క ఎలాగూ చలికాలంలో ఈడ్చుకుపోతుంది. అందుకే సెప్టెంబరులోనే నాలుగు లేత కొమ్మలు తుంచి నీళ్లగ్లాసులో పెడతారు. రెండు వారాల్లో వేళ్లు వస్తాయి. వాటిని చిన్న కుండీల్లో నాటి, రెండు తమకుంచుకుని, రెండు పక్కిళ్లకి పంచుతారు. ఎవరింట్లో పోయినా ఇంకొకరింట్లో ఉంటుంది. మొక్కలకి బ్యాంకులో ఎఫ్‌డీ వేసినట్టన్నమాట!

నీళ్లు పోసి చంపేస్తారు

చలికాలంలో ఇంట్లో మొక్కలు చలికి చావవు. ఎక్కువ భాగం మన ప్రేమకి చస్తాయి. ఆకు వాడినట్టు కనిపించగానే చెంబుడు నీళ్లు పోసేస్తాం. కానీ వెలుతురు తగ్గినప్పుడు మొక్క నిద్రావస్థలోకి వెళ్తుంది, నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. తాగని నీరు కుండీలో నిలిచి వేళ్లు కుళ్లుతాయి. పైగా ఇంట్లో హీటరు గాలిలోని తేమనంతా పీల్చేస్తుంది. ఆకుల అంచులు మాడినట్టవుతాయి. చూసేవాళ్లకి నీళ్లు చాల్లేదేమో అనిపిస్తుంది. మళ్లీ ఓ చెంబు! నేనూ మొదటి వారం ఆ పనే చేశాను. తర్వాత మా అమ్మాయి నా చేతిలోంచి చెంబు లాగేసుకుని, 'వేలు పెట్టి చూడు పిన్నీ, రెండు కణుపుల లోతు దాకా పొడిగా ఉంటేనే పొయ్యి' అని పాఠం చెప్పింది. డెబ్బయ్యో పడికి దగ్గరపడుతున్న నాకు మొక్కకి నీళ్లు పోయడం నేర్పింది చూశారా!

పొడిగాలికి ఇంకో బెడద కూడా తోడవుతుంది. ఎర్రనల్లి. ఆకు అడుగున సన్నటి సాలెగూడు కట్టి రసం పీలుస్తుంది. కరివేపాకంటే దానికి మహా ఇష్టం. దానితోపాటు కాండానికి గోధుమరంగు పొక్కుల్లా అంటుకునే పొలుసు పురుగు. మందు? మన వేపనూనే! రెండు చుక్కల సబ్బునీళ్లతో కలిపి చల్లుతారు. ఏ దుకాణంలో చూసినా సీసాల మీద 'నీమ్ ఆయిల్' అని దర్జాగా రాసి ఉంటుంది. ఊళ్లో వేపచెట్టు నీడన పెరిగినవాళ్లం, ఆ సీసాని డాలర్లు పోసి కొనడం కాస్త చిన్నతనంగానే ఉంటుంది.

అమెరికన్ల ఇళ్లలో ఈ కాలంలో కనిపించే మొక్కలకి ఓ వరస ఉంది. డిసెంబరు రాగానే ఎర్రటి ఆకుల పాయిన్‌సెట్టియా. మెక్సికో మొక్క అది. అక్కడ అమెరికా రాయబారిగా పనిచేసిన జోయెల్ పాయిన్‌సెట్ 1828లో దీన్ని తన దేశానికి పంపాడు, ఆయన పేరే స్థిరపడింది. మనం పువ్వు అనుకునేది నిజానికి రంగు మారిన ఆకు. తర్వాత అమరిల్లిస్. ఉల్లిగడ్డ లాంటి దుంపని కుండీలో పెట్టి నీళ్లు పోస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గరాటాలంత పూలు పూస్తుంది. కిటికీ అవతల మంచు, ఇవతల ఎర్రటి పువ్వు... ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది.

కిటికీ తోటల పిచ్చి ఇప్పటిది కూడా కాదు. అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ తెలుసుగా? మసాచుసెట్స్‌లోని ఆమ్‌హెర్‌స్ట్ ఊళ్లో 1855లో వాళ్ల నాన్న ఇంటికి ఆనించి చిన్న అద్దాలగది కట్టించాడు. చలికాలమంతా ఆమె అందులో జాజులు, గార్డీనియాలు, ఫెర్నులు పెంచేది. తోడుగా కార్లో అనే పెద్ద న్యూఫౌండ్‌ల్యాండ్ కుక్క. చెల్లెలికేమో పిల్లులంటే ప్రాణం. ఆ గదిని 1916లో పడగొట్టారు. నూరేళ్ల తర్వాత, 2017లో, పాత కిటికీల్ని కొన్నింటిని వాడి మళ్లీ అలాగే కట్టారు. ఆవిడ బతికున్నంతకాలం ఊళ్లోవాళ్లకి కవయిత్రిగా కంటే మొక్కల మనిషిగానే ఎక్కువ తెలుసంటారు.

జనవరిలో వచ్చే జాతర

పండగలైపోయి, క్రిస్మస్ చెట్టు వీధిలో పారేశాక ఇక జనవరి మహా నీరసంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే పోస్టులో రంగురంగుల పుస్తకాలు దిగుతాయి. విత్తనాల కేటలాగులు! నున్నటి టమాటాలు, ఊదారంగు బీన్స్, చేటంత పొద్దుతిరుగుళ్లు. వాటిని కాఫీ తాగుతూ, పిల్లిని ఒళ్లో పెట్టుకుని, పెన్నుతో టిక్కులు కొడుతూ చదవడం అక్కడ ఓ వ్రతం. ఫిలడెల్ఫియాలో 1876లో మొదలైన బర్పీ కంపెనీ కేటలాగు నాలుగైదు తరాల ఇళ్లలోకి వచ్చింది. 2020 మార్చిలో కరోనాకి జనమంతా ఇళ్లలో చిక్కుపడినప్పుడు తమ చరిత్రలోనే ఎన్నడూ లేనన్ని విత్తనాలు అమ్మామని ఆ కంపెనీవాళ్లు చెప్పారు.

ఈ కేటలాగుల్ని సాహిత్యంలా చదివి సమీక్షలు రాసిన మహాతల్లి కూడా ఉంది. న్యూయార్కర్ పత్రికలో సంపాదకురాలు కేథరిన్ వైట్. 1958లో ఆ పత్రికలో ఆవిడ మొదలుపెట్టిన తోటల వ్యాసాల్లో విత్తనాల కంపెనీవాళ్ల భాషని, గొప్పల్ని, బొమ్మల్ని నవలలకి చేసినట్టే చీల్చి చెండాడింది. ఆవిడ పోయాక 1979లో భర్త ఇ.బి. వైట్ వాటిని పుస్తకంగా తెచ్చాడు. 'షార్లెట్స్ వెబ్' రాసిన ఇ.బి. వైటే ఆయన.

కొత్త విత్తనాలు ఆర్డరు చేసేముందు పాతవాటి లెక్క తేలాలి. అందుకు ఓ పరీక్ష ఉంది. పది గింజల్ని తడి పేపరు తువ్వాల్లో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫ్రిజ్ మీద వెచ్చటి చోట ఉంచుతారు. వారం, పది రోజులకి విప్పి చూస్తే ఎన్ని మొలిచాయో తెలుస్తుంది. ఎనిమిది మొలిస్తే మహారాజులా దాచుకోవచ్చు. నాలుగే మొలిస్తే రెట్టింపు చల్లాలి. ఉల్లి విత్తనం ఏడాది, రెండేళ్లకే సత్తువ కోల్పోతుంది. టమాటా, దోస నాలుగైదేళ్లు ఆగుతాయి. మన రైతులు నాగళ్లు కట్టేముందు తడిగోనెలో గింజలు మొలకెత్తించి చూసే పద్ధతే ఇది!

గోంగూర గింజ కథ

ఇక్కడే మనవాళ్ల అసలు కష్టం మొదలవుతుంది. టమాటా, మిరప గింజలు ఎక్కడైనా దొరుకుతాయి. గోంగూర, చిక్కుడు, దోసకాయ సంగతేమిటి? దోసకాయ తేలిక. ఇండియన్ స్టోర్లో కాయ కొని, పప్పులో వేసుకుని, గింజలు కడిగి ఆరబెట్టుకుంటే చాలు. గోంగూరతోనే పేచీ. ఆకు ఎంతైనా వస్తుంది కానీ గింజ కట్టదు. ఎందుకంటే అది పగటిపొద్దు తగ్గడం మొదలయ్యాకే పూతకొచ్చే మొక్క. చికాగోలో పూత పూసేసరికి సెప్టెంబరు దాటుతుంది. కాయ ముదిరేలోగా మంచు కొట్టేస్తుంది. పాతకాలపు చిక్కుడు రకాలదీ అదే రోగం. పందిరంతా పాకి, పచ్చగా ఊరించి, తీరా నాలుగు కాయలు కాసేసరికి అక్టోబరు!

అందుకని ఉత్తరాది రాష్ట్రాల్లోని తెలుగువాళ్లు టెక్సాస్ వైపు చూస్తారు. అక్కడ చలికాలం చిన్నది, కాబట్టి గింజ కడుతుంది. శీతాకాలంలో కవర్లలో గోంగూర, చుక్కకూర, బచ్చలి, నేతిబీర గింజలు పోస్టులో ఊళ్లు తిరుగుతుంటాయి. గుళ్లో ప్రసాదం దగ్గర కలిసినప్పుడు చీర కొంగు ముడి విప్పి గింజలిచ్చిన ఆవిణ్ని నేనే చూశాను. అమెరికన్లూ ఇలాగే ఇచ్చిపుచ్చుకుంటారు. 2006 నుంచి జనవరి ఆఖరి శనివారాన్ని విత్తనాల మార్పిడి రోజుగా జరుపుకుంటున్నారు. లైబ్రరీల్లో బల్లలేసి, ఎవరి గింజలు వాళ్లు పరిచి, నచ్చినవి పట్టుకెళ్తారు. డబ్బు ప్రసక్తి లేదు.

అసలు అక్కడ పాత విత్తనాల్ని కాపాడే పెద్ద ఉద్యమమే ఇలాంటి చిన్న కవరుతో మొదలైంది. డయాన్ ఓట్ వీలీ అనే ఆవిడకి వాళ్ల తాతగారు రెండు రకాల గింజలిచ్చాడు. ఊదారంగు మార్నింగ్ గ్లోరీ ఒకటి, గులాబీరంగు టమాటా ఇంకొకటి. ఆ తాతగారి తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా నుంచి వలస వస్తూ తెచ్చుకున్న గింజలవి. తాత పోతే వాటిని దాచేదెవరన్న ఆలోచనతో భార్యాభర్తలిద్దరూ 1975లో విత్తనాల మార్పిడి సంఘం పెట్టారు. అదే ఇప్పుడు అయోవా రాష్ట్రంలో డెకోరా దగ్గరున్న సీడ్ సేవర్స్ ఎక్స్‌ఛేంజ్. 20 వేలకు పైగా రకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి.

బవేరియా వాళ్లు తెచ్చుకున్నారు కదా అని మనం సూట్‌కేసులో దాచుకుని పట్టుకెళ్తే మాత్రం ఊరుకోరు. నాటడానికి విత్తనాలు తీసుకెళ్లాలంటే మన దేశంలో ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. లేదా అమెరికా వ్యవసాయ శాఖ నుంచి ముందే చిన్న మొత్తాల అనుమతి తీసుకోవాలి. దాని కింద ఒక్కోదాంట్లో 50 గింజలకు మించకుండా 50 ప్యాకెట్ల వరకు రానిస్తారు, అదీ నిషేధంలేని రకాలైతేనే. కరివేపాకు మొక్క, తాజా రెమ్మ అయితే అసలు వద్దు. అది నిమ్మ, నారింజల కుటుంబానికి చెందింది. నారింజ తోటల్ని నాశనం చేసే 'గ్రీనింగ్' తెగులును మోసే పేను దాని మీద బతుకుతుంది. ఆ పేను ఫ్లోరిడాలో 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. తర్వాత అక్కడి తోటలు ఎంత దెబ్బతిన్నాయో తెలిస్తే విమానాశ్రయంలో వాళ్లు రెమ్మల్ని చెత్తబుట్టలో వేస్తుంటే కోపం రాదు. దేశం లోపల కూడా కరివేపాకు మొక్కని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపడంపై చాలాచోట్ల ఆంక్షలున్నాయి. మా అమ్మాయి దిగులు వెనకున్నది ఇదే. పోతే ఇంకోటి తేలిగ్గా దొరికే వస్తువు కాదది.

లడ్డూగారి రాజ్యం

వాళ్లింట్లో ఓ పిల్లి ఉంది. పేరు లడ్డూ. చలికాలంలో ఇల్లంతా దానిదే. మొక్కలు లోపలికి వచ్చిన రోజు నుంచి దానికి పండగే పండగ. మల్లె కుండీలో మట్టి తవ్వుతుంది. వేలాడే స్పైడర్ ప్లాంటు ఆకుల్ని కొరికి మీసాల్లా పెట్టుకుంటుంది. కుండీల మీద ఎగిరే చిన్న దోమల్ని పట్టడానికి పసుపురంగు జిగురు అట్టలు పెడితే, ఓ రోజు అట్టతో సహా ఇల్లంతా పరిగెత్తింది. దాని తోక మీది జిగురు వదిలించడానికి వంటనూనె, సబ్బు, ముగ్గురు మనుషులు కావాల్సి వచ్చింది.

నవ్వులాట సరే, కొన్ని మొక్కలు పెంపుడు జంతువులకి నిజంగా ప్రాణాంతకం. అన్నిటికంటే భయపడాల్సింది లిల్లీకి. దాని ఆకు, పువ్వే కాదు, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా పిల్లికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఈస్టర్ ముందు సూపర్‌మార్కెట్లలో తెల్లటి లిల్లీ కుండీలు వరసగా పెడతారు. పిల్లి ఉన్న ఇంటికి అవి తీసుకురాకూడదు, బహుమతిగానూ ఇవ్వకూడదు. కుక్కలున్నవాళ్లకి సైకస్ జాతి సాగో పామ్ ప్రమాదం. దాని గింజ తింటే కాలేయం పాడవుతుంది. అమరిల్లిస్ దుంప కూడా విషమే. మనీప్లాంట్, డీఫెన్‌బేకియా నమిలితే నోరు మండి చొంగ కారుస్తాయి. మనం సర్వరోగ నివారిణి అనుకునే కలబందా పిల్లులకి పడదు. పాపం పాయిన్‌సెట్టియాకి మాత్రం లేనిపోని చెడ్డపేరు. తింటే కాస్త కడుపులో తిప్పుతుందేమో కానీ జనం అనుకునేంత విషం కాదు. ఏ మొక్క మంచిదో, ఏది కాదో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ జాబితా పెట్టింది. మొక్క కొనేముందే అది చూసుకోవడం నయం.

మరి పిల్లికి పచ్చగడ్డి మీద మోజెలా తీరుతుంది? ట్రేలో గోధుమలు చల్లి మొలకలు పెంచుతారు. దాన్ని 'క్యాట్ గ్రాస్' అని దుకాణాల్లో డబ్బాలుగా అమ్ముతారు కూడా. నేను చూసి, 'ఇదేమిటే, పెళ్లిలో పాలికలు పోసినట్టుంది!' అన్నాను. లడ్డూ మాత్రం వేదమంత్రాలేమీ లేకుండానే తినేసింది.

కిటికీ అవతల ఇంకో వినోదం. గూటిలో పొద్దుతిరుగుడు గింజలు పోస్తే మంచులో ఎర్రటి కార్డినల్ పిట్టలు వాలతాయి. ఇల్లినాయ్ రాష్ట్ర పక్షి అది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల లెక్క జరుగుతుంది. 1998లో మొదలైన ఈ లెక్కలో మన దేశం వాళ్లూ పాల్గొంటారు. కనీసం పదిహేను నిమిషాలు కూర్చుని కనిపించిన పిట్టల్ని రాయాలి. మా పిల్లాడు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. పక్కనే లడ్డూ, అద్దానికి ముక్కు ఆనించి, పళ్లు కటకటలాడిస్తూ!

ఎండు కర్ర

ఫిబ్రవరి రెండో తేదీన పెన్సిల్వేనియాలోని పంక్సటానీ అనే ఊళ్లో ఓ గ్రౌండ్‌హాగ్‌ని బొరియలోంచి బయటికి తీస్తారు. 1887 నుంచి నడుస్తున్న తంతు. దాని నీడ దానికి కనిపిస్తే ఇంకో ఆరు వారాలు చలి తప్పదని లెక్క. టీవీ ముందు మేమంతా కూర్చున్నాం. మా అమ్మాయి మాత్రం టీవీ చూడట్లేదు, కరివేపాకు వైపు చూస్తోంది.

డిసెంబరు నుంచే అది ఆకు రాల్చడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్న నేల మీద పసుపుపచ్చని ఈకలు. మొదట్లో ఏరి చారులో వేశాం. జనవరి చివరికి ఒక్క ఆకూ లేదు. కుండీలో నిటారుగా ఓ ఎండుకర్ర, అంతే. ఎరువు వేద్దామా అంటే నిద్రపోతున్న మొక్కకి ఎరువు వేయకూడదంటారు. నీళ్లు పోద్దామా అంటే వేళ్లు కుళ్లుతాయని భయం. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవడం కంటే కష్టమైన పని ఇంకోటి లేదు. ఓ రాత్రి లేచి చూస్తే మా అమ్మాయి చీకట్లో దాని పక్కన కూర్చునుంది. నేను ఏమీ అనలేదు.

పక్కింట్లో ఓ అమెరికన్ పెద్దావిడ ఉంది. ఎనభై దాటాయి. వంటింటి కిటికీ నిండా ఆఫ్రికన్ వయొలెట్లు, కాళ్ల దగ్గర చెవులు వేలాడే ముసలి కుక్క. ఓ మధ్యాహ్నం టీకి వచ్చి మా కరివేపాకుని చూసింది. దగ్గరికెళ్లి, కాండం కింది భాగంలో బొటనవేలి గోరుతో సన్నగా గీకింది. పైన గోధుమరంగు పొర లేచి, కింద పచ్చటి గీత కనిపించింది. 'పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు' అంది. పై కొమ్మ మీద కూడా గీకింది. అక్కడ గోధుమరంగే. 'ఈ కొస పోయింది. అడుగున ఉంది. ఏప్రిల్ దాకా దాని జోలికి వెళ్లొద్దు' అని చెప్పి కుక్కని పిలుచుకుని వెళ్లిపోయింది. ఆ గోటి గీతని మేం రోజుకు నాలుగుసార్లు చూసుకునేవాళ్లం.

ఆ ఎదురుచూపులోనే మిగతా పనులు అందుకున్నాయి. ఖాళీ పాలక్యాన్లని నడుముకి కోసి, అడుగున చిల్లులు పెట్టి, నాలుగంగుళాల మట్టి పోసి, గింజలు చల్లి, టేపు వేసి, మూత తీసేసి తీసుకెళ్లి మంచులోనే పెట్టేశారు! చలి సోకితేగానీ మొలవని గింజలుంటాయి, గసగసాల జాతి పూలు, సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే మిల్క్‌వీడ్ లాంటివి. వాటికి ఇదే పద్ధతి. మార్చి మొదట్లో వంకాయ, మిరప గింజలు ట్రేల్లో పెట్టారు. నెలాఖరుకి టమాటా. కింద వెచ్చటి చాప, పైన రెండు మూడంగుళాల ఎత్తులో రోజుకు 14 నుంచి 16 గంటలు ట్యూబులైటు. లైటు ఎత్తులో ఉంటే నారు దానికోసం సాగి సాగి పీలగా పడిపోతుంది. మొదటి ట్రే వంకాయ నారు మీద, అడుగున వెచ్చగా ఉంది కదా అని లడ్డూ హాయిగా పడుకుని నిద్రపోయింది. మళ్లీ గింజలు పెట్టాల్సి వచ్చింది. ఈసారి పైన ఇనుప వల.

ఏప్రిల్ రెండోవారంలో నా తిరుగు ప్రయాణం. బయలుదేరడానికి మూడు రోజుల ముందు, పొద్దున్నే కాఫీ కలుపుతుంటే హాల్లోంచి 'చిన్నమ్మమ్మా... చిన్నమ్మమ్మా!' అని పిల్లాడి కేక. గోటి గీతకి బెత్తెడు పైన, కాండం మీద, ఆవగింజంత ఎర్రటి మొటిక. దాని కింద ఇంకోటి. మా అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత కత్తెర తెచ్చి, ఎండిపోయిన పై కొస అడుగున్నర మేర కత్తిరించేసింది. నాలుగడుగుల మొక్క రెండున్నర అడుగులైంది.

మే మూడోవారంలో ఫోను. మదర్స్ డే వెళ్లాక కూడా ఓ వారం ఆగి, రోజుకో గంట చొప్పున పెంచుతూ, పదిరోజులు నీడలో అలవాటు చేసి, మొక్కల్ని పెరట్లో దించేశారట. ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకు కాలిపోతుంది మరి. టమాటా నేలలో పడింది. మల్లె మూడింట్లో రెండే మిగిలాయి. తమలపాకు జనవరిలోనే పోయింది, నాకు చెప్పలేదంతే. కరివేపాకుకి ఆరు రెమ్మలొచ్చాయి.

'కోశావా?' అన్నాను.

'ఇంకా లేదు పిన్నీ. పోపులోకి స్టోర్లోదే తెచ్చుకున్నా.'